ఓడ ఉద్యోగం: సంతకానికి ముందు ఏం చూడాలి, జీతం ఆగితే ఎలా రాబట్టుకోవాలి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు రెండే. "ఓడలో ఉద్యోగం ఉందంట, మూడు లక్షలు కట్టమంటున్నారు, కట్టొచ్చా?" అనేది మొదటిది. "మావాడు ఓడెక్కి ఆరు నెలలైంది, మూడు నెలలుగా జీతం పడలేదు, ఎవరిని అడగాలి?" అనేది రెండోది. మొదటిదానికి జవాబు ఒక్క మాట: కట్టొద్దు. రెండోదానికి కొంచెం ఓపిగ్గా చదవాలి. మొదటి ప్రశ్న దగ్గర తప్పటడుగు వేసినవాళ్లే ఎక్కువగా రెండో ప్రశ్నతో వస్తారు కాబట్టి రెండూ కలిపే రాస్తున్నాం.

ఆ తప్పటడుగుకు కారణం తెలిసిందే. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు నుంచి కువైట్ పోయేవాళ్లు ఏజెంటుకు వీసా డబ్బు కట్టడం ఏళ్లుగా చూస్తున్నాం. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ కడతారు. ఓడ ఉద్యోగమన్నా అదే పద్ధతి అనుకుంటారు. కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సముద్ర కార్మిక ఒప్పందం, అంటే అందరూ ఎంఎల్‌సీ అనేది, 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర నేరుగా గానీ, వేరే పేరు పెట్టి గానీ డబ్బు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది.

డెక్కు మీద పనిచేసేవాళ్లకే కాదు, ఇంజను రూములో వాళ్లకు, వంటవాళ్లకు, క్రూయిజ్ ఓడల్లో గదులు సర్దేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. చేపల పడవలకు, ధో లాంటి సంప్రదాయ పడవలకు వర్తించదు. "దుబాయ్‌లో బోటు ఉద్యోగం" అని ఎవరైనా చెబితే ముందు ఆ బోటు ఏ రకమో అడగండి. ధో అయితే ఈ కింద రాసిన రక్షణల్లో చాలావాటిని మీరు అడగలేరు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

- పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), ఇండోస్ నంబరు (ప్రభుత్వం ప్రతి నావికుడికి ఇచ్చే నంబరు) కాగితం, మెడికల్ సర్టిఫికెట్, ట్రైనింగ్ సర్టిఫికెట్లు. అన్నిటినీ పేజీ పేజీ స్కాన్ చేసి రెండు చోట్ల ఉంచండి: ఒకటి మీ ఈమెయిల్‌లో, ఇంకొకటి ఇంట్లో ఒకరి ఫోనులో.
- ఆఫర్ లెటరు, ఉద్యోగ ఒప్పందం (దీన్ని ఓడ భాషలో ఎస్ఈఏ అంటారు), ఓడ పేరు, ఏడంకెల ఐఎంఓ నంబరు.
- ఏజెంటు కంపెనీ లైసెన్సు నంబరు. దీన్ని ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు అంటారు.
- ఒక పాత నోటుబుక్కు. ఓడలో ఫోను పోవచ్చు, తడవొచ్చు. పుస్తకంలో రాసింది ఉంటుంది.
- ఇంట్లో ఒక మనిషి. నాన్నో, అన్నో, అక్కో, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు ఈమెయిల్ రాయగలిగినవాళ్లు. ఈ మనిషి లేకపోతే మిగతా కాగితాలన్నీ ఉన్నా పని సగమే జరుగుతుంది.

సంతకానికి ముందు

1. లైసెన్సు చూడండి, ఆపై ఫోను చేయండి.

మన దేశంలో నావికులను ఓడలకు పంపే ప్రతి కంపెనీకి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్, అంటే డీజీ షిప్పింగ్, ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో కంపెనీ పేరు, చిరునామా, గడువు తేదీ చూడండి. లైసెన్సు ఉందా అన్నది ఒక్కటే చాలదు. సస్పెండు చేశారా, గడువు దాటిందా అన్నది కూడా చూడాలి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, మోసం జరిగేది సరిగ్గా ఇక్కడే. మధ్యవర్తి ఎవరిదో అసలు కంపెనీ నంబరును తన విజిటింగ్ కార్డు మీద వేసుకుంటాడు. మీరు వెబ్‌సైట్‌లో చూస్తే ఆ నంబరు నిజమే అని కనిపిస్తుంది. లైసెన్సు ఆ కంపెనీది, మీ ఊరికి వచ్చినవాడిది కాదు. అందుకని ఆఫర్ లెటరు మీద ఉన్న నంబరుకు కాకుండా, డీజీ షిప్పింగ్ జాబితాలో ఉన్న ఫోను నంబరుకు మీరే చేసి మూడు ప్రశ్నలు అడగండి:

- ఫలానా మనిషి మీ ఉద్యోగేనా?
- ఫలానా ఓడకు మనుషులను పంపేది మీరేనా?
- నా పేరు మీద నిజంగా ఎంపిక జరిగిందా?

మూడింటికీ అవునని ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు.

2. ఏ డబ్బు మీది, ఏ డబ్బు కాదు.

మీరు పెట్టుకోవలసిన ఖర్చు చిన్నదే: పాస్‌పోర్టు, సీడీసీ, చట్టప్రకారం కావలసిన మెడికల్ సర్టిఫికెట్. ఓడెక్కడానికి కావలసిన వీసా ఖర్చు ఓడ యజమానిది. విమాన టికెట్టు కూడా యజమానిదే. "సర్వీసు ఛార్జీ", "డాక్యుమెంటేషన్", "సెక్యూరిటీ డిపాజిట్", "ఓడ కెప్టెన్‌కు ఇవ్వాలి" అని ఏ పేరు పెట్టినా అది నిషేధించిన వసూలే.

కోర్సు ఫీజు వేరే విషయం. ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సుకు ఫీజు తీసుకోవచ్చు. కానీ ఆ ఇన్‌స్టిట్యూట్‌కు డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందా, ఆ కోర్సుకే ఉందా అని వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. కోర్సుతో పాటు ఉద్యోగం గ్యారంటీ అని రెండూ కలిపి ఒకే రశీదు రాస్తే అక్కడే ఆగండి.

ఇంకొక ఉచ్చు విదేశీ సీడీసీ. "ఇండియన్ సీడీసీ ఆలస్యమవుతుంది, వేరే దేశం సీడీసీ వారంలో తెప్పిస్తా" అంటారు. భారతీయ సీడీసీ ముంబై, కోల్‌కతా, చెన్నై షిప్పింగ్ మాస్టరు కార్యాలయాల నుంచి వస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లో. ట్రైనింగ్ చేయకుండా చేతికొచ్చిన పుస్తకం నకిలీదైతే దాంతో పట్టుబడేది ఏజెంటు కాదు, మీరు.

ఇప్పటికే కట్టేశారా? డబ్బు వెనక్కిస్తానని వాడు చెప్పే తేదీల కోసం ఎదురుచూడకండి. యూపీఐ లేదా ఆన్‌లైన్ బదిలీ అయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ తరువాత బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ రికార్డులతో పోలీసు స్టేషన్‌లో మోసం కింద ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహితలో అది 318వ సెక్షన్. లైసెన్సున్న కంపెనీయే తీసుకుంటే డీజీ షిప్పింగ్‌కు కూడా రాయండి. చేతికి నోట్లు ఇచ్చినవాళ్లు సాక్ష్యం లేదని ఊరుకుంటారు. "మీకు ఫలానా రోజు ఇచ్చిన రెండు లక్షలు" అని వాట్సాప్‌లో రాస్తే, వాడు ఇచ్చే జవాబు మీకు సాక్ష్యమవుతుంది.

3. ఓడ నిజమైనదా, ఎలాంటిది?

ప్రతి పెద్ద ఓడకు ఏడంకెల ఐఎంఓ నంబరు ఉంటుంది. ఓడ పేరు మారినా, జెండా (ఓడ నమోదైన దేశం) మారినా, యజమాని మారినా ఈ నంబరు మారదు. అది సరైనదో కాదో కాగితం మీదే ఒక లెక్క వేసి చూడొచ్చు. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కలపండి. వచ్చిన మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి.

ఉదాహరణకు 9074729: 9×7=63, 0×6=0, 7×5=35, 4×4=16, 7×3=21, 2×2=4. మొత్తం 139. చివర 9, ఏడో అంకె కూడా 9. సరిపోయింది.

లెక్క తప్పితే నంబరు తప్పు, అనుమానం అక్కర్లేదు. లెక్క కుదిరినంత మాత్రాన ఓడ మంచిదని కాదు. 1234567 అని వరసగా రాసినా ఈ లెక్కలో నెగ్గుతుంది, వేసి చూడండి. అందుకని తరువాత ఓడల వివరాలుండే ఈక్వాసిస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి ఆ నంబరు కొట్టండి. అక్కడ చూడవలసినవి:

- ఆఫర్ లెటరులో రాసిన పేరు, రకం, అక్కడ ఉన్న పేరు, రకం కలుస్తున్నాయా.
- ఓడ వయసు. ముప్పై ఏళ్లు దాటిన చిన్న ట్యాంకరు అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.
- యజమాని, మేనేజరు పేర్లు, వాళ్లు ఎన్నాళ్లుగా ఉన్నారు. రెండు మూడేళ్లలో పేరు, జెండా, యజమాని అన్నీ మారి ఉంటే అది మంచి గుర్తు కాదు.
- పీ అండ్ ఐ బీమా (ఓడ యజమాని బాధ్యతలకు చేసే బీమా) ఎవరిది. ఆ గడి ఖాళీగా ఉంటే ఏజెంటును బీమా పత్రం అడగండి. చూపించకపోతే ఆ ఓడ వద్దు.
- పోర్టుల్లో తనిఖీలప్పుడు ఎన్నిసార్లు ఆపేశారు, ఎందుకు.

ఆపైన నావికులను వదిలేసిన ఓడల జాబితా అంతర్జాతీయ కార్మిక సంస్థ వెబ్‌సైట్‌లో ఉంది. ఆ ఓడ పేరు, ఆ యజమాని పేరు రెండూ వెతకండి. ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, లెక్కల్లో ఒక్క 2024లోనే 312 ఓడలను యజమానులు వదిలేశారు. అలా చిక్కుకున్నవాళ్లలో ఏ దేశం వాళ్లకంటే మన దేశం వాళ్లే ఎక్కువ. ఒకసారి వదిలేసిన యజమాని ఇంకొక పేరుతో ఇంకొక ఓడకు మనుషుల్ని వెతుక్కుంటూనే ఉంటాడు.

4. ఒప్పందాన్ని చదవండి. దీనికి ఒక రోజు కేటాయించండి.

సంతకం ముందు ఒప్పందాన్ని చదువుకోవడానికి, ఎవరినైనా అడిగి తెలుసుకోవడానికి సమయం ఇవ్వాలన్నది మీ హక్కు. "రేపు ఉదయం ఫ్లైటు, ఎయిర్‌పోర్టులో సంతకం పెట్టు" అంటే అది చదవకుండా చేయడానికే. చేతిలో పెన్ను పెట్టుకుని ఒక్కొక్కటీ గుర్తు పెట్టుకుంటూ చదవండి:

- మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. యజమాని పేరు, చిరునామా. ఏజెంటు పేరు మాత్రమే ఉండి యజమాని పేరు లేకపోతే రేపు ఎవరి మీద కేసు వేయాలో తెలియదు.
- ఏ హోదా: ట్రైనీనా, ఓఎస్సా (ఆర్డినరీ సీమన్), ఏబీయా (ఏబుల్ సీమన్, అంటే అనుభవమున్న డెక్కు నావికుడు), మెస్‌మ్యానా (భోజనం వడ్డించేవాడు). ఊళ్లో ఏబీ అని చెప్పి కాగితంలో ట్రైనీ అని రాయడం మామూలుగా జరిగే మోసం.
- జీతం ఎంత, ఏ కరెన్సీలో, ఓవర్‌టైమ్ ఎలా, సెలవు జీతం ఎంత. మూడూ విడివిడిగా ఉండాలి.
- సెలవు: పనిచేసిన ప్రతి నెలకూ కనీసం రెండున్నర రోజులు.
- నోటీసు గడువు: కనీసం 7 రోజులు. ఇంట్లో మరణం లాంటి అత్యవసరం వస్తే అంతకంటే తక్కువ నోటీసుతో, జరిమానా లేకుండా దిగే హక్కు ఉంటుంది.
- తిరిగి ఇంటికి పంపడం: ఖర్చు యజమానిది. అందుకోసం ముందుగా డబ్బు కట్టించుకోవడం గానీ, జీతంలో కోయడం గానీ కుదరదు. మీవైపు తీవ్రమైన తప్పు ఉంటే మాత్రమే మినహాయింపు.
- ఓడ మీద ఉండే కాలం 12 నెలలకు లోపే ఉండాలి.
- జబ్బు, గాయం, మరణం జరిగితే ఏమిస్తారు.
- ఏ యూనియన్ ఒప్పందం వర్తిస్తుంది. ఉంటే దాని పేరు, తేదీ ఉండాలి.

జీతం లెక్కకు ఒక కొలబద్ద ఉంది. అనుభవమున్న ఏబీకి అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస మూల వేతనం 2025లో నెలకు 673 డాలర్లు ఉండేది. ఇది వారానికి 48 గంటలకు మాత్రమే. నెలకు 208 గంటలని లెక్కేసి భాగిస్తే గంటకు దాదాపు 3.24 డాలర్లు. ఓవర్‌టైమ్ కనీసం ఒకటింపావు రెట్లు, అంటే గంటకు దాదాపు 4.04. ఒప్పందంలో "అన్నీ కలిపి 600" అని ఉంటే మీ ఓవర్‌టైమ్, సెలవు జీతం, ఆదివారాలు అన్నీ అందులో మింగేశారన్నమాట. ఓఎస్‌కు, ట్రైనీకి అంకె తక్కువే ఉంటుంది కానీ లెక్క కట్టే పద్ధతి ఇదే.

సంతకాలు రెండువైపులా పడ్డాక ఒక అసలు కాపీ మీ చేతికి రావాలి. ఖాళీ కాగితం మీద గానీ, అంకెలు నింపని వోచరు మీద గానీ సంతకం పెట్టకండి. ఓడలో ఇంకొక ఒప్పందం చూపించి తక్కువ జీతానికి మళ్లీ సంతకం పెట్టమంటే, మొదటి కాపీ ఇంట్లో ఉందని మర్యాదగా చెప్పండి. అందుకే ఆ కాపీ ఇంటికి పంపకుండా విమానం ఎక్కొద్దు.

5. బయలుదేరేముందు ఆఖరి పరీక్ష.

టూరిస్టు వీసా మీద పంపుతూ "అక్కడికి పోయాక మారుస్తాం" అంటే వెళ్లకండి. గుర్తింపు లేని దారిలో పోయిన మనిషి ఎక్కడున్నాడో ఇక్కడి ఏ కార్యాలయం రికార్డులోనూ ఉండదు. ఓడ ఏ పోర్టులో ఉంది, ఎవరు వచ్చి తీసుకుంటారు, ఆ లోకల్ ఏజెంటు ఫోను ఎంత అన్నది రాతపూర్వకంగా ఉండాలి.

అనుమానముంటే నేరుగా కార్యాలయానికే పోవడం మనవాళ్లకు పెద్ద కష్టం కాదు. ముంబై-చెన్నై రైలు మార్గం గుంతకల్లు, తాడిపత్రి, కడప మీదుగానే పోతుంది. డీజీ షిప్పింగ్ ఒక కొసన, చెన్నై షిప్పింగ్ మాస్టరు ఇంకొక కొసన. కర్నూలు వాళ్లు డోన్ మీదుగా వచ్చి గుంతకల్లులో ఆ రైలు పట్టుకోవచ్చు. మూడు లక్షలు పోగొట్టుకోవడం కంటే స్లీపరు టికెట్టు చౌక.

ఓడ మీద

6. విశ్రాంతి గంటలను మీరే లెక్కపెట్టండి.

24 గంటల్లో కనీసం 10 గంటలు, 7 రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పది గంటలను రెండు భాగాలకు మించి విడగొట్టకూడదు, ఒక భాగం కనీసం 6 గంటలు ఉండాలి, రెండు విశ్రాంతుల మధ్య 14 గంటలకు మించి ఉండకూడదు.

రెండు తప్పులు ఎక్కువ. ఒకటి, రోజుకు పది గంటలు చాలనుకోవడం. ఏడు పదులు డెబ్బై. 77కి ఇంకా ఏడు గంటలు తక్కువ. రెండు, ముక్కలుగా ఇచ్చిన విశ్రాంతిని కలిపేయడం. 5 గంటలు, 3 గంటలు, 2 గంటలు కలిపితే పదే, కానీ మూడు ముక్కలయ్యాయి, ఏదీ ఆరు గంటలు లేదు. కాబట్టి నిబంధన తప్పినట్టే. రాత్రి 10 నుంచి తెల్లవారి 4 వరకు, మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు అయితే ఆ రోజుకు సరిపోతుంది.

రోజూ గంటలు రాసే ఫారం మీద మీరూ, మాస్టరు (ఓడ కెప్టెన్) లేదా ఆయన నియమించినవారూ సంతకం చేయాలి, ఒక కాపీ మీకివ్వాలి. నెలాఖరున ఒకేసారి నింపి సంతకం పెట్టమంటే, మీ నోటుబుక్కులో నిజమైన గంటలు వేరుగా రాసుకోండి: తేదీ, ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఏం పని. ఓవర్‌టైమ్ గొడవ వచ్చినప్పుడు ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

7. జీతం చీటీ నెలనెలా.

ఒక జీతానికీ తరువాతి జీతానికీ మధ్య నెలకు మించకూడదు. ప్రతి నెలా ఎంత రావాలి, ఎంత కోశారు, ఏ మారకపు రేటు వాడారు అన్నీ ఉన్న లెక్క చీటీ ఇవ్వాలి. ఇంటికి కొంత నేరుగా పంపమని అడిగే హక్కు ఉంది. ఓడెక్కేటప్పుడే ఆ ఫారం నింపండి. ఇంట్లో మనిషి బ్యాంకులో పడినదీ, చీటీలో ఉన్నదీ ప్రతి నెలా పక్కపక్కన పెట్టి చూడాలి. తిండికి, తాగునీటికి, ఓడలో వైద్యానికి డబ్బు కోసి ఉంటే అది తప్పు, అవి ఉచితం.

దెబ్బ తగిలితే, ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజే చెప్పి ఓడ రికార్డులో రాయించండి, ఫోటో తీసుకోండి. "తగ్గిపోతుందిలే" అని ఊరుకుని ఇంటికొచ్చాక అడిగితే, ఓడ మీద జరిగిందని నిరూపించడం చాలా కష్టం. ఓడ మీద వచ్చిన జబ్బుకూ గాయానికీ వైద్యం ఖర్చు యజమానిదే. దేశం చట్టం ఆ బాధ్యతకు హద్దు పెట్టినా అది 16 వారాలకు తగ్గకూడదు.

జీతం ఆగితే

8. ఒక నెల దాటగానే రాయండి.

మూడు, నాలుగు నెలలు ఓపిక పట్టడమే అన్నిటికంటే ఖరీదైన తప్పు. ఎందుకో పదో మెట్టులో ఉంది. ముందు ఓడలోనే ఫిర్యాదు: మీ పైఅధికారికి, తరువాత మాస్టరుకు, తరువాత యజమానికి. ఫిర్యాదు పద్ధతి కాగితం ప్రతి ఓడలో ఉండాలి, మీకు ఒక కాపీ ఇవ్వాలి. మీతో పాటు ఒకరిని తోడు తీసుకెళ్లొచ్చు. అవసరమైతే నేరుగా మాస్టరుకూ, బయటి అధికారులకూ ఫిర్యాదు చేసే హక్కు ఉంది. ఫిర్యాదు చేసినందుకు వేధించడం నిషిద్ధం.

ఈమెయిల్‌లో బాధంతా రాయకండి, ఇవి రాయండి, తేలికపాటి ఇంగ్లీషులో:

"నా పేరు, సీడీసీ నంబరు, ఇండోస్ నంబరు ఇవి. ఫలానా తేదీన ఫలానా పోర్టులో, ఫలానా ఐఎంఓ నంబరు ఓడలో, ఫలానా హోదాలో ఎక్కాను. పంపిన కంపెనీ, దాని ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు ఇవి. ఒప్పందం ప్రకారం నెలకు ఇంత. ఫలానా నెలల జీతం, మొత్తం ఇంత, రాలేదు. ఓడ ఇప్పుడు ఇక్కడ ఉంది. తిండి, నీరు, డీజిల్ ఇన్ని రోజులకు ఉన్నాయి. ఒప్పందం, జీతం చీటీలు జతచేశాను. బకాయి చెల్లించాలని, లేకపోతే ఇంటికి పంపాలని కోరుతున్నాను."

ఓడలో నలుగురికీ ఆగితే నలుగురూ ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టి, ఒక్కొక్కరి బకాయి ఒక పట్టికలో వేయండి. ఒక్కడిని బెదిరించినంత తేలికగా నలుగురిని బెదిరించలేరు.

9. ఎవరెవరికి పంపాలి.

ఒకేసారి అందరికీ: పంపిన ఆర్‌పీఎస్‌ఎల్ కంపెనీకి, డీజీ షిప్పింగ్‌కు, ఓడ ఏ దేశం జెండా కింద ఉందో ఆ దేశపు నౌకా శాఖకు, దగ్గరలోని ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టరుకు. ఐటీఎఫ్ నావికుల వెబ్‌సైట్‌లో ఇన్‌స్పెక్టర్ల జాబితా దేశాలవారీగా ఉంది. మీరు నూసీ, ఎంయూఐ లాంటి యూనియన్ సభ్యులైతే వాళ్లకూ పంపండి. ఓడ పోర్టులో ఉంటే అక్కడికొచ్చే విదేశీ ఓడలను తనిఖీ చేసే పోర్టు స్టేట్ కంట్రోల్ అధికారికి ఫిర్యాదు చేయొచ్చు, మీ పేరు బయటపెట్టరు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత సహాయ కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

ఇంట్లోవాళ్లు చేయవలసింది: అదే ఈమెయిల్‌ను విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయడం, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి పంపడం, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ హెల్ప్‌లైన్‌కు చెప్పడం. ప్రతిచోటా వచ్చిన నమోదు నంబరు ఒకే కాగితం మీద రాసుకోండి. కలెక్టరేట్‌కు అర్జీ ఇవ్వొచ్చు, తప్పులేదు. కానీ అది ఒక్కటే ఇచ్చి కూర్చుంటే వారాలు గడిచిపోతాయి. ఓడ మీద అధికారం ఉన్నది జెండా దేశానికి, ఓడ ఆగిన పోర్టుకు, డబ్బున్నది బీమా కంపెనీకి.

10. రెండు నెలలు దాటితే బీమా దగ్గరికి.

ఇది చాలామందికి తెలియని మెట్టు. కనీసం రెండు నెలల జీతం ఎగ్గొట్టి యజమాని మీతో సంబంధం తెంచుకున్నా, తిండీ నీళ్లూ లేకుండా వదిలేసినా, ఇంటికి పంపే ఖర్చు పెట్టకపోయినా ఎంఎల్‌సీ ప్రకారం అది నావికులను వదిలేయడమే. 2017 జనవరి 18 నుంచి ఇలాంటి సందర్భానికి ఓడకు ఆర్థిక హామీ ఉండాలి. దాని సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనిపించేచోట, సాధారణంగా మెస్ గోడ మీద, అతికించి ఉంటుంది. బీమా ఇచ్చినవాళ్ల పేరు, సంప్రదించవలసిన వివరాలు, గడువు అందులోనే ఉంటాయి. ఓడెక్కిన మొదటి రోజే దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపండి. పక్కనే రెండో సర్టిఫికెట్ ఉంటుంది, అది గాయం, మరణం పరిహారానికి, దాన్నీ తీయండి.

ఆ బీమా ఇచ్చేది: నాలుగు నెలల వరకు బకాయి జీతం, తిండి, నీరు, అత్యవసర వైద్యం, ఓడలో బతకడానికి కావలసిన ఇంధనం, ఇంటికి టికెట్టు. నాలుగు నెలలు అన్న మాటను గమనించండి. ఏడు నెలలు ఎదురుచూస్తే బీమా నుంచి వచ్చేది నాలుగు నెలలదే. మిగతా మూడు నెలల కోసం ఓడ మీద కేసు వేసుకోవాలి. అందుకే రెండు నెలలు నిండిన రోజునే బీమా కంపెనీకి ఈమెయిల్ వెళ్లాలి. మీరే నేరుగా రాయొచ్చు, యజమాని అనుమతి అక్కర్లేదు.

సర్టిఫికెట్ గడువు దాటిపోయి ఉంటే నిరాశపడకండి. ఫోటోతో సహా జెండా దేశానికి, పోర్టు స్టేట్ కంట్రోల్‌కు వెంటనే రాయండి. ఆ లోపమే ఓడను పోర్టులో ఆపడానికి కారణం కావచ్చు.

11. ఈ సమయంలో చేయకూడనివి.

"సగం తీసుకో, ఇక బాకీ లేదని రాసివ్వు" అంటే సంతకం పెట్టే ముందు ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టరును అడగండి. తప్పనిసరైతే సంతకం పక్కన "ఇంకా ఇంత బాకీ ఉంది" అని రాసి ఫోటో తీయండి. అడగకుండా పని ఆపేయకండి. కొన్ని దేశాల్లో పోర్టులో సమ్మె చట్టవిరుద్ధం, కాపలా వదిలేస్తే తప్పు మీ మీదికి వస్తుంది. చెప్పకుండా ఓడ దిగిపోతే ఇమ్మిగ్రేషన్ చిక్కులొస్తాయి. పాస్‌పోర్టు, సీడీసీ మాస్టరు దగ్గర ఉంటే వాటి కోసం గొడవపడకుండా, ఎవరి దగ్గర ఉన్నాయో ఈమెయిల్‌లో రాసి పెట్టండి.

12. కోర్టు.

బకాయి జీతం ఓడకే అంటిన బాకీ. ఓడను అమ్మేసినా, జెండా మార్చినా ఆ బాకీ వదలదు, మిగతా అప్పులవాళ్లకంటే నావికుడి జీతానిదే ముందు వరస. 2017 అడ్మిరాల్టీ (ఓడల వివాదాల) చట్టం ప్రకారం, ఓడ మన జలాల్లో ఉంటే హైకోర్టు దాన్ని అరెస్టు చేయించగలదు, అంటే కదలకుండా ఆపించగలదు. చెన్నైలో ఉంటే మద్రాసు హైకోర్టు. కృష్ణపట్నం, కాకినాడ, విశాఖల్లో ఉంటే మన రాష్ట్ర హైకోర్టు. ఓడ పోర్టు వదిలిపోతే ఆ అవకాశం అక్కడికి పోతుంది, కాబట్టి ఓడ కదలికలను ట్రాకింగ్ యాప్‌లో రోజూ చూడండి.

ఓడ మీద ఈ హక్కు జీతం ఇవ్వవలసిన తేదీ నుంచి రెండేళ్లే. నెలనెలా జీతానికి నెలనెలా గడువు వేరు: 2024 మార్చి జీతానికీ, జూన్ జీతానికీ ఆఖరి తేదీ ఒకటి కాదు. ఒక పట్టిక గీసి ప్రతి నెల పక్కన దాని గడువు తేదీ వేసుకోండి. వకీలుకు ఇచ్చుకోలేని స్థితిలో ఉంటే కర్నూలు, అనంతపురం, కడప జిల్లా కోర్టు ఆవరణల్లో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయానికి దరఖాస్తు పెట్టండి. ఆదాయ పరిమితి లోపు ఉన్నవాళ్లకు ఇది దొరుకుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు. ఒప్పందం, జీతం చీటీలు, ఆ పట్టిక, పంపిన ఈమెయిల్‌ల ప్రింట్లు రెండు సెట్లు తీసుకుపోండి. అసలు కాగితాలు అక్కడ ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి.